అంటార్కిటికా విమానం కోసం క్రైస్ట్‌చర్చ్‌లో ఆగినప్పుడు: గదిలోనా, ఊళ్ళోనా, ఊరి బయటా?

అమెరికా అంటార్కిటిక్ ప్రోగ్రాం తరఫున అంటార్కిటికా తీరంలోని మెక్‌మర్డో పరిశోధన స్టేషన్‌కో, అక్కడినుంచి దక్షిణ ధ్రువానికో వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మీదుగానే వెళ్తారు. అమెరికా యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేస్తూ ఐస్‌క్యూబ్ (ధ్రువపు మంచులో న్యూట్రినో కణాల్ని గుర్తించే ప్రయోగం) లాంటి వాటి కోసం వెళ్ళే మనవాళ్ళకీ ఇదే దారి. కాగితం మీద క్రైస్ట్‌చర్చ్‌లో ఆగేది ఒకటి రెండు రోజులే. మొదటి రోజు ప్రోగ్రాం ఇచ్చే చలి బట్టలు సరిచూసుకోవడం, శిక్షణ వీడియోలు, బ్రీఫింగ్. మర్నాడు విమానం. కానీ అటు మంచు తుఫానో పొగమంచో ఉంటే, ఇటు విమానానికి మరమ్మతు పడితే, ఆ ఒకటి రెండు రోజులు వారం కూడా కావచ్చు.

ఇలా అడగకుండా వచ్చిన రోజుల్ని ఏం చేసుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న. చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు గదిలో కూర్చుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఫోన్ చూసుకుంటారు. ఇంకొందరు 'ఇంత దూరం వచ్చాం కదా' అని కారు తీసుకుని 200 కిలోమీటర్లు వెళ్ళిపోతారు. ఎక్కువమందికి ఈ రెంటి మధ్య దారే సరైనదని నా గట్టి నమ్మకం. పగలు ఊళ్ళో గడపండి, పూట ట్రిప్పుకి మించి దూరం పోకండి, పెద్ద ట్రిప్పుల్ని తిరుగు ప్రయాణానికి దాచుకోండి. ఇది అందరికీ ఒకేలా వర్తించదు కాబట్టి, ఎవరికి ఏది నప్పుతుందో కింద వివరంగా రాస్తున్నాను.

## ముందు, మీ ఆలస్యం ఏ రకం?

క్రైస్ట్‌చర్చ్ నుంచి మెక్‌మర్డో దాదాపు 3,800 కిలోమీటర్లు. సైనిక రవాణా జెట్ సీ-17 అయితే సుమారు 5 గంటలు, ప్రొపెల్లర్లూ స్కీలూ ఉన్న ఎల్‌సీ-130 అయితే 8 గంటల దాకా పడుతుంది. దారి పొడవునా సముద్రమే. అందుకే అటువైపు వాతావరణం మీద నమ్మకం కుదిరితే తప్ప విమానం కదలదు. కదిలినా, వెనక్కి తిరగడానికి ఇంధనం సరిపోయే చివరి బిందువు ఒకటి లెక్కవేసి పెట్టుకుంటారు. అది దాటకముందే మెక్‌మర్డోలో పరిస్థితి చెడితే వెనక్కి తిప్పేస్తారు. దీన్ని అక్కడివాళ్ళు 'బూమరాంగ్' అంటారు.

కాబట్టి ఆలస్యాలు మూడు రకాలు.

పూర్తి రోజు వాయిదా. 'ఈ రోజు విమానం లేదు, రేపు చూద్దాం' అని స్పష్టంగా చెప్పేస్తారు. ఆ రోజు నిజంగా మీదే.

గంటల వాయిదా. మూడు గంటలు ఆగమంటారు, తర్వాత ఇంకో మూడు గంటలంటారు. చూడ్డానికి చిన్నదే గానీ మనిషిని ఎక్కువ అలసటకి గురిచేసేది ఇదే. ఆ రోజు ఎక్కడికీ పోవడానికి లేదు.

బూమరాంగ్. బరువైన బట్టలు వేసుకుని, చెవులకి రక్షణ పెట్టుకుని, గంటల తరబడి విమానంలో కూర్చుని, దిగేసరికి మళ్ళీ క్రైస్ట్‌చర్చ్. చెక్-ఇన్ చేసిన పెద్ద బ్యాగులు సరుకు పలకల మీద కట్టేసి ఉంటాయి కాబట్టి వెంటనే మీ చేతికి రావు. చేతికొచ్చేది 'బూమరాంగ్ బ్యాగ్' ఒక్కటే. రెండు మూడు రోజుల లోదుస్తులు, మామూలు చొక్కా, ప్యాంటు, రోజూ వేసుకునే మందులు, కళ్ళజోడు, చార్జర్ అందులోనే ఉండాలి. ఇది చదివి ఒక్క పనే చేస్తానంటే, ఈ బ్యాగ్ సరిగ్గా సర్దుకోండి చాలు.

ఆలస్యం ఏ రకమో తేలాకే మిగతా నిర్ణయాలు.

## దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి

నా వరకు ముఖ్యమైన కొలబద్దలు ఇవి, ప్రాధాన్యత ఇదే వరసలో.

మొదటిది, విమానం కదులుతుందని కబురు వస్తే ఎంతసేపట్లో గదికి తిరిగి చేరగలరు? గంటలోపు అయితే నిశ్చింత. రెండు గంటలు దాటితే టెన్షన్ మీ పక్కసీట్లోనే కూర్చుంటుంది.

రెండోది ఆరోగ్యం. స్టేషన్‌లో అందరూ ఒకే భోజనశాలలో తింటారు, గదులు పంచుకుంటారు. ఒకరి దగ్గు పదిమందికి అంటుకుంటుంది. 2022 నవంబరులో మెక్‌మర్డోలో కోవిడ్ కేసులు పెరిగి రెండు వారాలపాటు ప్రయాణాలు ఆపేశారు. పైగా వెళ్ళేముందు నెలల తరబడి రక్తపరీక్షలు, దంత పరీక్షలు చేయించుకుని సంపాదించిన 'పీక్యూ', అంటే శారీరకంగా అర్హులన్న ధ్రువీకరణ, ఒక్క కాలు బెణుకుతో ప్రశ్నార్థకం కావచ్చు.

మూడోది చాలామంది ఆలోచించరు: అక్కడ మీకు దొరకనిది ఏమిటి? మెక్‌మర్డోలో అక్టోబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు అస్తమించడు. చెట్టు లేదు, గడ్డి లేదు, వాన లేదు, పిల్లల గొంతు వినపడదు. తాజా పళ్ళూ కూరలూ విమానం వస్తేనే. స్టేషన్ భాషలో వాటి పేరు 'ఫ్రెషీస్', అవి వచ్చిన రోజు ఒక చిన్న పండగ. ఎదురుచూపు రోజుల్ని ఈ లెక్కతో వాడుకోవడం తెలివైన పని.

తర్వాతవి ఖర్చు, మనసు. న్యూజిలాండ్‌లో బయట తిండి చవక కాదు. ఆలస్యమైన రోజులకీ మీ ప్రోగ్రాం గది అద్దె, భత్యం ఇస్తుందా అన్నది బయల్దేరే ముందే అడిగి పెట్టుకోండి.

| | హోటల్ గది | ఊరి నడిబొడ్డు | లిటిల్టన్ రేవు, సమ్నర్ బీచి వైపు పూట ట్రిప్పు | రోజంతా పట్టే ట్రిప్పు |
|---|---|---|---|---|
| తిరిగి చేరడానికి | వెంటనే | అరగంట అటూ ఇటూ | గంటలోపు | గంటన్నర నుంచి మూడు గంటలు |
| జబ్బు, గాయం భయం | తక్కువ | జనం ఉన్నచోట కొంత | నడక దారి బట్టి | ఎక్కువ |
| ఖర్చు | తక్కువ | మీ చేతుల్లో | కొద్దిగా | ఎక్కువ |
| మనసుకి | ఒక రోజు దాటితే భారం | మంచిది | చాలా మంచిది | బావుంటుంది, ధ్యాస ఫోన్ మీదే |
| గంటల వాయిదాలో | ఇదొక్కటే | వద్దు | వద్దు | వద్దే వద్దు |
| పూర్తి రోజు వాయిదాలో | సగం రోజు | సరే | సరే | సాధారణంగా వద్దు |

## గదిలో ఉండిపోవడం

గంటల వాయిదా రోజున ఇది తప్పదు. బూమరాంగ్ అయిన మర్నాడు కూడా ఇదే మంచిది, ఆ రోజు నిద్రకి మించిన పని లేదు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళకి శరీరం ఇంకా అక్కడి టైములోనే ఉంటుంది. మెక్‌మర్డో, దక్షిణ ధ్రువం రెండూ న్యూజిలాండ్ టైమే పాటిస్తాయి కాబట్టి ఇక్కడ సర్దుకున్న నిద్ర అక్కడా పనికొస్తుంది. ధ్రువానికి వెళ్ళేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. అది సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తు, చలి వల్ల గాలి ఇంకా పల్చన. నిద్రలేమితో, ముందురోజు తాగిన మత్తుతో అక్కడ దిగితే మొదటి రోజులు నరకం.

గదిలో ఉన్న పూట కాగితాల పని తెమల్చుకోండి. ముఖ్యంగా బ్యాంకులు. మన ఇండియా బ్యాంకుల ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది. మంచు మీద, అంటే అంటార్కిటికాలో, ఆ సిమ్‌కి సిగ్నల్ ఉంటుందనుకోవద్దు, స్టేషన్‌లో నెట్ కూడా ఇంట్లోలా ఉండదు. ధ్రువం దగ్గరైతే ఉపగ్రహం కనిపించే గంటల్లోనే నెట్. ఈఎంఐలు, క్రెడిట్ కార్డు బిల్లులు, ఇన్సూరెన్స్ ప్రీమియం ఆటోమేటిక్‌గా కట్టే ఏర్పాటు పనిచేస్తోందా అని ఒకసారి చూసుకోండి. ఓటీపీ ఈమెయిల్‌కి వచ్చే వీలుంటే పెట్టుకోండి. నాన్నగారి ఆసుపత్రి ఖర్చులాంటిది హఠాత్తుగా వస్తే డబ్బు ఎవరు తీస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

గదిలో ఉండిపోవడంలో నష్టం ఒక్కటే. ఒక రోజు దాటితే మనసు మొద్దుబారుతుంది, వాతావరణ మ్యాపులు చూస్తూ మీకు మీరే నిపుణులైపోతారు. దానివల్ల విమానం ముందు రాదు.

## ఊరి నడిబొడ్డు

హోటల్ ఎంచుకునే వీలు మీకే ఉంటే మొదట వచ్చే సందేహం: విమానాశ్రయం పక్కనా, ఊళ్ళోనా? బట్టల కేంద్రం, అంటార్కిటికా ప్రయాణికుల టెర్మినల్ రెండూ విమానాశ్రయం దగ్గరే. ఊరి నడిబొడ్డు అక్కడికి 10, 12 కిలోమీటర్లు, కారులో అరగంట లోపే. తెల్లవారుజామున లేవడం మీకు కష్టమైతే విమానాశ్రయం పక్కన ఉండండి. లేకపోతే ఊళ్ళోనే ఉండమంటాను. పక్కనే ఉండడం వల్ల మిగిలేది ఇరవై నిమిషాలు, పోయేది సాయంత్రాలన్నీ.

ఊళ్ళో నేను మొదట పంపేది బొటానిక్ గార్డెన్స్‌కి. ప్రవేశం ఉచితం. దాన్ని చుట్టుకుని 165 హెక్టార్ల హాగ్లీ పార్కు ఉంది. అక్టోబరు, నవంబరు అక్కడ వసంతం. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, పక్కన ఏవన్ నది, ఆడుకునే పిల్లలు, పెంపుడు కుక్కలు. పైన చెప్పిన మూడో కొలబద్దకి ఇంతకంటే మంచి చోటు ఊళ్ళో లేదు. రెండు గంటలు ఊరికే కూర్చోండి. టోపీ, సన్‌స్క్రీన్ మరవొద్దు. అక్కడి ఎండ చల్లగా అనిపిస్తూనే చర్మాన్ని కాల్చేస్తుంది, మన రంగుకి ఏమీ కాదనుకోవద్దు.

నది ఒడ్డున కెప్టెన్ స్కాట్ విగ్రహం ఉంది. ధ్రువం నుంచి తిరిగివస్తూ 1912లో చనిపోయిన ఆయన విగ్రహాన్ని చెక్కింది ఆయన భార్య క్యాథ్లీనే. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో అది విరిగి పడింది, 2017లో మళ్ళీ నిలబెట్టారు. ఆ భూకంపంలో 185 మంది పోయారు. ఊరు నడుస్తుంటే ఖాళీ స్థలాలు, కొత్త భవనాలు పక్కపక్కనే కనబడటానికి కారణం అదే. జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ అట్టగొట్టాలతో కట్టిన కేథడ్రల్ కూడా ఆ తర్వాత వచ్చిందే. కాంటర్‌బరీ మ్యూజియంని పునర్నిర్మాణం కోసం 2023లో మూసేశారు, వెళ్ళేముందు తెరిచారో లేదో చూసుకోండి.

వాన పడితే టూరంగా లైబ్రరీ. 2018లో తెరిచారు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, వైఫై ఉంటుంది. సినిమాలు, పుస్తకాలు, సంగీతం డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇదే సమయం. తిండికి రివర్‌సైడ్ మార్కెట్. పళ్ళు కడుపునిండా తినండి. పచ్చిమిరపకాయలతో చేసిన కూర తినాలనిపిస్తే రికార్టన్ వైపు వెళ్ళండి, అక్కడ ఆసియా దుకాణాలు ఎక్కువ.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఇంటినుంచి ఆవకాయో, కందిపొడో తెచ్చుకుంటే న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు తప్పకుండా డిక్లేర్ చేయండి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు. చెప్పకపోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మంచు మీదకి ఏం తీసుకెళ్ళొచ్చో మీ ప్రోగ్రాం వాళ్ళని విడిగా అడగాలి. విత్తనాలు, మట్టి, మొక్కల భాగాలు అంటార్కిటికాలోకి పోకుండా కఠినమైన నియమాలున్నాయి.

## పూట ట్రిప్పు: లిటిల్టన్, సమ్నర్, పోర్ట్ హిల్స్

పూర్తి రోజు వాయిదా పడితే నా ఓటు లిటిల్టన్‌కి. ఊరినుంచి దాదాపు 12 కిలోమీటర్లు, 1964లో తెరిచిన సొరంగం గుండా బస్సులోనే వెళ్ళొచ్చు. స్కాట్ డిస్కవరీ నౌక 1901లో, మరో ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ నౌక నిమ్రాడ్ 1908 జనవరి 1న ఈ రేవునుంచే దక్షిణానికి కదిలాయి. మీరు వెళ్తున్న దారి ఎంత పాతదో ఆ కొండవాలు వీధుల్లో నిలబడి రేవు చూస్తే అర్థమవుతుంది. అప్పుడు వారాలు పట్టిన దారికి మీరు ఒక వారం ఆగాల్సి వస్తోంది, అంతే.

రేవు మధ్యలో క్వెయిల్ దీవి ఉంది. ఆ యాత్రల కుక్కల్నీ గుర్రాల్నీ అక్కడే ఉంచి సిద్ధం చేశారు. చూడదగ్గదే, కానీ పడవ వేళల మీద ఆధారపడాలి. కబురు వచ్చినా పడవ వస్తేనే మీరు కదిలేది. అందుకే దీన్ని తిరుగు ప్రయాణం జాబితాలో వేస్తాను. సముద్రం, ఇసుక కావాలనుకుంటే సమ్నర్ బీచి అంతకంటే సులువు.

పోర్ట్ హిల్స్ మీద నడక చాలా బాగుంటుంది, రెండు షరతుల మీద. ఒకటి, చదునైన దారే ఎంచుకోండి. కొండ దిగే సైకిల్ సరదా ఇప్పుడు వద్దు. రెండోది, మంచు మీదకి తీసుకెళ్ళే బూట్లతో నడవకండి. గడ్డి గింజలు లేసుల్లో, వెల్‌క్రోలో ఇరుక్కుని అలాగే అంటార్కిటికా చేరతాయి. నడిచిన సాయంత్రం బూట్ల అడుగు, జేబుల మూలలు, బ్యాగు జిప్పులు బ్రష్‌తో శుభ్రం చేయడానికి పది నిమిషాలు చాలు.

## రోజంతా పట్టే ట్రిప్పు

అకరోవా 80 కిలోమీటర్లు, మెలికల దారిలో గంటన్నర. కైకోరా 180 కిలోమీటర్లు, రెండున్నర గంటలు, తిమింగలాలకి పేరు. ఆర్థర్స్ పాస్ 150 కిలోమీటర్లు, రెండు గంటలు. ట్రాన్జ్‌ఆల్పైన్ రైలు పొద్దున బయల్దేరి పడమటి తీరం దాకా పోయి సాయంత్రానికి తిరిగొస్తుంది. అన్నీ అందమైనవే. వెళ్ళే దారిలో ఇవేవీ వద్దంటాను. రైలు ఎక్కితే మధ్యలో వెనక్కి తిరగలేరు. కొండదారిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మీ కోసం కబురు పెట్టినా అందదు. కారు తీసుకుంటే, ఏళ్ళుగా అమెరికాలో కుడివైపు నడిపినవాళ్ళు ఇక్కడ ఎడమవైపు నడపాలి, అదీ జెట్‌లాగ్‌లో.

మినహాయింపు ఒకటే. రెండు మూడు రోజులదాకా విమానం ఉండదని ప్రోగ్రాం వాళ్ళే రాతపూర్వకంగా చెప్పి, మీరు ఊరు దాటి వెళ్తున్నట్టు వాళ్ళకి చెప్పి, వాళ్ళు సరేనన్నప్పుడు. అప్పుడు కూడా అకరోవా ఒక్కటి చాలు.

## ఎవరికి ఏది

మొదటిసారి వెళ్తున్నవాళ్ళకి ఊరు, పూట ట్రిప్పు. వాళ్ళకి భయం, ఉత్సాహం రెండూ కలిసి ఉంటాయి, నడక రెంటినీ అదుపులో పెడుతుంది. అప్పటికే ఒకటి రెండు సీజన్లు చూసినవాళ్ళ పక్కన ఒక పూట కూర్చోండి, ఏ బ్రీఫింగ్‌లోనూ రానివి తెలుస్తాయి.

చలికాలమంతా అక్కడే ఉండబోయేవాళ్ళ సంగతి వేరు. ఫిబ్రవరి తర్వాత ధ్రువం దగ్గర విమానాలు ఆగిపోతాయి, దాదాపు ఎనిమిది నెలలు ఎవరూ రారు, పోరు. వీళ్ళు ఊరు చూడడం కంటే ఇంటితో మాట్లాడడానికి సమయం ఇవ్వాలని గట్టిగా చెబుతాను. అక్కడి వేసవిలో క్రైస్ట్‌చర్చ్ మన దేశం కంటే ఏడున్నర గంటలు ముందు. ఇండియాలో ఉదయం 8 గంటలంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. అమ్మావాళ్ళు కాఫీ తాగుతున్న వేళకి మీరు పార్కులో బెంచీ మీద కూర్చుని వీడియోలో చెట్లు చూపించొచ్చు. 'విమానం రేపే' అని మాత్రం చెప్పకండి, 'రేపు కావచ్చు, వారం కావచ్చు, చేరాక నేనే చెబుతా' అనండి. తేదీ చెబితే, ఆ తేదీ దాటిన ప్రతి గంటా ఇంట్లో వాళ్ళకి గుబులే.

మూడు నాలుగు వారాల చిన్న ప్రయోగం కోసం వెళ్ళే పరిశోధకులకి ఆలస్యం అంటే పని దినాలు పోవడమే. వీళ్ళు గదిలో సగం రోజు కూర్చుని 'రోజులు తగ్గితే ఏ కొలతలు వదిలేస్తాం' అన్న జాబితా రాసుకోవాలి, ఆ తర్వాతే గార్డెన్స్. ఏ ఆలస్యాన్నీ మార్చలేరు గానీ ప్రణాళికని మార్చుకోవచ్చు.

## భారత బృందంతో వెళ్ళేవాళ్ళకి: కేప్‌టౌన్

గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం పంపే బృందాల్లో విమానంలో వెళ్ళేవాళ్ళకి సాధారణంగా ఆగే ఊరు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. అక్కడినుంచి ఇల్యూషిన్-76 విమానంలో దాదాపు ఆరు గంటల్లో అంటార్కిటికాలోని నోవో రన్‌వే, అది భారత్ నడిపే మైత్రి స్టేషన్‌కి దగ్గర. ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఔలీలో ఐటీబీపీ (భారత-టిబెట్ సరిహద్దు పోలీసు) శిక్షణ అయ్యాక వచ్చే ఎదురుచూపు ఇది.

కొలబద్దలు అవే, రెండు మార్పులతో. కేప్‌టౌన్‌లో భద్రత మొదటి స్థానానికి వస్తుంది. చీకటి పడ్డాక ఒంటరిగా నడవొద్దు, ఎక్కడికైనా బృందంగా, కారులోనే వెళ్ళండి. రెండోది గాలి. అక్కడి వేసవిలో వీచే ఆగ్నేయపు గాలికి టేబుల్ మౌంటెన్ రోప్‌వే ఆగిపోతుంది, రోబెన్ దీవి పడవలు రద్దవుతాయి. మండేలాని 18 ఏళ్ళు బంధించిన ఆ దీవికి వెళ్ళిరావడానికి పూటంతా పడుతుంది, కాబట్టి పూర్తి రోజు వాయిదాలోనే. మామూలు రోజుల్లో వాటర్‌ఫ్రంట్, కిర్‌స్టెన్‌బాష్ తోట చాలు.

డర్బన్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి, అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది. చూడాలని ఎవరికైనా ఉంటుంది. కానీ అది రెండు గంటల విమాన ప్రయాణం, అది కూడా తిరుగు ప్రయాణానికే.

## తిరుగు ప్రయాణానికి దాచుకున్నవి

పనయ్యాక క్రైస్ట్‌చర్చ్‌లో దిగినప్పుడు కబురు కోసం చూసే పని ఉండదు. కైకోరా, రైలు, క్వెయిల్ దీవి అన్నీ అప్పుడే. దీనికి ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. అంటార్కిటికా నుంచి రావడం అంటే న్యూజిలాండ్‌లోకి రెండోసారి ప్రవేశించడం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తమ వీసా ఏ రకమో, తిరిగి వచ్చే తేదీ దాకా చెల్లుతుందో, రెండోసారి రానిస్తుందో బయల్దేరే ముందే ప్రోగ్రాం వాళ్ళతో తేల్చుకోవాలి. కేప్‌టౌన్ మీదుగా వెళ్ళేవాళ్ళకీ ఇదే లెక్క. తిరిగి వచ్చే విమానం కూడా ఆలస్యం కావచ్చు కాబట్టి రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని హోటళ్ళు, టికెట్లు ముందుగా కొనకండి. మంచు మీదనుంచి దిగాక, ఊళ్ళో గదికి చేరాక బుక్ చేసుకోండి.